అక్టోబరు నెలలో వంకాయ రంగు గౌను

అరవై దాటిన ఆడవాళ్లు ఏ ఋతువులో ఏ రంగు వేసుకోవాలో వాళ్లకి ఇంకొకరే చెప్పాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం. ఇందులో బేరానికి తావు లేదు.

ఎందుకంటారా? ఒక్కసారి ఆలోచించండి. పెరూ రాజధాని అయిన మన లీమాలో ఏడాదికి ఎనిమిది నెలలు ఆకాశం ఉతికి ఆరెయ్యడం మరిచిపోయిన దుప్పటిలా ఉంటుంది. తన రంగేమిటో ఆకాశానికే తేల్చుకోవడం చేతకాని ఊళ్లో, అరవై నాలుగేళ్ల ఆవిడ పొద్దున్నే అల్మారా తీసి, ఎవరినీ అడక్కుండా, "ఇవాళ పగడపు రంగు వేసుకుందాం" అనుకుంటే ఏమవుతుంది? బస్సులు ఆగిపోవూ? మనవలు బెంగ పెట్టుకోరూ? పక్కింటివాళ్లు మాత్రం కిటికీ పరదా ఎంతసేపని ఎత్తి పట్టుకుంటారు, చేతులు నొప్పెట్టవూ?

అందుకే నాగరికత ఒక చక్కని ఏర్పాటు చేసింది. సముద్రానికి అవతల, ఎక్కడో చలిదేశంలో, కొందరు సన్నటి మనుషులు బల్ల చుట్టూ కూర్చుని వచ్చే వసంతానికీ వేసవికీ లోకమంతా ఏ రంగులో ఉండాలో నిర్ణయిస్తారు. వాళ్లకి వసంతం మార్చిలో, మనకి సెప్టెంబరులో. అయినా ఫరవాలేదు. ఆ నిర్ణయం ఆరునెలలు ప్రయాణం చేసి, దారిలో కాస్త నలిగి, మన వీధి చివరి దుకాణానికి చేరేసరికి సరిగ్గా మన వసంతం మొదలవుతుంది.

పైగా పెద్దవాళ్లకి వేరే పట్టిక. పడుచుపిల్లలకి ఇరవై రంగులు ఇచ్చి, "పరిణత మహిళ"లకి ఆరే ఇస్తారు. ఎంత దయ! ఆ వయసులో ఎన్ని మెట్లని ఎక్కుతారు, ఎన్ని రంగులని చూస్తారు?

ఈ ఏర్పాటు విలువ తెలియాలంటే నేలిదా ఉర్బీనా సంగతి వినాలి.

నేలిదాకి అరవై నాలుగేళ్లు. జనన మరణాల రిజిస్ట్రీలో ముప్పై ఒక్క ఏళ్లు జననాల కిటికీ దగ్గర కూర్చుంది. రిటైరైన ఏడాదే భర్త ఔరేలియో పోయాడు. ఒకే గేటు లోపల ఎదురెదురుగా పది ఇళ్లున్న సందులో, ఏడో నంబరు ఇంట్లో ఒక్కతీ ఉంటుంది. కొడుకూ కోడలూ అదే ఊళ్లో, బస్సులో గంట దూరంలో.

ఆమె జీవితంలో రంగుల గురించి బుర్ర పాడుచేసుకోవలసిన అవసరం ఒక్కనాడూ రాలేదు. బడికి బూడిదరంగు లంగా, తెల్ల చొక్కా. ఆ రోజుల్లో సైనిక ప్రభుత్వం దేశంలో పిల్లలందరికీ అదే వేసింది. ఉద్యోగంలో చేరాక నోటీసుబోర్డు మీద పట్టిక ఉండేది: సోమ, బుధవారాలు నీలం సూటు, మంగళ, గురువారాలు బూడిద సూటు, శుక్రవారం ఎండిన చెర్రీ రంగు. పెళ్లినాడు తెలుపు, అదీ అత్తగారు ఎంచిన తెలుపు. ఔరేలియో పోయాక ఏడాదిపాటు నలుపు. రెండో ఏడు సగం సంతాపం: బూడిద, తెలుపు, మరీ సరదా పుడితే లేత ఊదా.

చూశారా, ఎంత హాయి! అల్మారా ముందు ఆమె వృథా చెయ్యని ఆ సమయంలోనే ఈ ఊళ్లో సగం మంది పిల్లల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి.

ప్రమాదం సంతాపం ముగిసిన మర్నాడు వచ్చింది. పొద్దున్నే నేలిదా అల్మారా తీసింది. ఇవాళ్టినుంచి ఏ రంగైనా వేసుకోవచ్చు. ఆ మాట తనకి తాను చెప్పుకుని అలాగే నిలబడిపోయింది. నీకేం ఇష్టం, అని లోపలికి అడిగింది. ఏదో గది తలుపు తట్టినట్టయింది. లోపల ఎవరో ఉన్నారు, కదిలిన చప్పుడు కూడా వినిపించింది, కాని తలుపు తీయలేదు. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. చివరికి బూడిదరంగు స్వెటర్ తగిలించుకుని రొట్టె కొనడానికి వెళ్లింది.

స్వేచ్ఛ అంటే ఇదీ. పాలు పోతాయి.

అయితే ఆ మౌనానికి వెనక ఇంకో సంగతి ఉంది. దానికి తొమ్మిది రోజుల ముందు, అక్టోబరు ముప్పై ఒకటిన జరిగింది. ఆ రోజు మన పాటల పండుగ. రిజిస్ట్రీలో రిటైరైనవాళ్లంతా ఏటా ఆ మధ్యాహ్నం ఒక పాటల హోటల్లో కలిసి భోంచేస్తారు. గిటార్లు వస్తాయి, చెక్కపెట్టె మీద దరువు మొదలవుతుంది, అంతవరకు మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకుంటున్నవాళ్లు ఆ మోకాళ్లతోనే లేచి జంటలుగా వాల్స్ నాట్యం ఆడతారు.

దోన్ ఎవారిస్తో మరణాల కిటికీ మనిషి. ఇరవై రెండేళ్లు ఆయన వీపూ ఆమె వీపూ మూరెడు దూరంలో కూర్చున్నాయి. పొడగరి, పెద్ద చెవులు, తక్కువ మాటలు. భార్య పోయి చాలాకాలమైంది. ఆ మధ్యాహ్నం ఆయన హాలంతా దాటుకుని వచ్చి డాన్సుకి రమ్మన్నట్టు నేలిదా ముందు చెయ్యి చాచాడు. చాచాక ఆమె గౌను చూశాడు. బూడిద మీద లేత ఊదా చారలు.

"క్షమించండి సెన్యోరా, గమనించలేదు," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వచ్చే ఏడు."

అంతే. ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకి కూడా చెప్పుకోలేదు. కాని జనవరిలో మోకాళ్లకి రోజూ నూనె రాయడం మొదలుపెట్టింది. ఎందుకని కొడుకు అడిగితే చలికి అంది. జనవరి మనకి నడివేసవి.

ఆగస్టులో ఆమె పుట్టినరోజుకి కోడలు యానిరా ఒక కవరు ఇచ్చింది. అందులో ఒక కార్డు: రంగుల నిపుణురాలు మిలెన్కా దగ్గర ఒక గంట. "మీరు ఎప్పుడూ ఆ బూడిద స్వెటరే వేస్తున్నారు అత్తయ్యా. ఒకసారి వెళ్లి రండి. నేనూ వస్తాను," అంది యానిరా. "చూద్దాంలే," అంది నేలిదా, ఆ వయసులో చూద్దాంలే అంటే వద్దని అర్థం అనే నమ్మకం కోడలికి కలిగేలా. సెప్టెంబరు మూడో వారంలో ఎవరికీ చెప్పకుండా ఒక్కతే వెళ్లింది.

మిలెన్కాకి ఇరవై ఆరేళ్లు ఉంటాయి. తెల్ల గది, పెద్ద అద్దం. నేలిదాని కూర్చోబెట్టి జుట్టు మీద తెల్ల గుడ్డ కట్టింది.

"ముందు మీ ఋతువు తెలియాలి సెన్యోరా."

"నాకు ఋతువేమిటమ్మాయ్?"

"అందరికీ ఉంటుంది. కొందరు వసంతం, కొందరు చలికాలం." గడ్డం కింద గుడ్డలు పెడుతూ, తీస్తూ, తల పక్కకి వంచి చూసింది. "మీరు వేసవి. మెత్తని వేసవి."

నేలిదాని ఇంతవరకు ఎవరూ వేసవి అనలేదు. ఔరేలియో ఒకసారి, చాలా ప్రేమగా ఉన్న రోజున, "నువ్వు టైముకి వచ్చే మనిషివి" అన్నాడు.

పట్టిక తీసింది మిలెన్కా. ఈ వసంతానికీ వేసవికీ పరిణత మహిళ రంగులు: తడి ఇసుక, గోధుమ ఊక, పాత దంతం, పొగమంచు, అలసిన గులాబి. చివర్న ఒకటి, సాయంకాలపు వంకాయ.

"మొదటి అయిదూ మీ వయసుకి సేఫ్," అంది మిలెన్కా. "ఆరోది కాస్త ధైర్యం ఉన్నవాళ్లకి."

చూడండి ఎంత ఆలోచించి పెట్టారో! అరవై దాటిన మనిషి ఇసుక మీద కూర్చుంటే ఇసుకలోనూ, పొగమంచులో నడిస్తే పొగమంచులోనూ కలిసిపోవాలి. ఎవరి కంటికీ శ్రమ ఉండకూడదు.

అయిదు గుడ్డలూ అయ్యాయి. ప్రతి గుడ్డకీ అద్దంలో నేలిదా మొహం కొంచెం కొంచెం చెరిగిపోయింది. ఆరో గుడ్డ పెట్టగానే అద్దంలో ఒకావిడ కనబడింది. ఎవరో ఆమె చెవిలో ఇప్పుడే ఏదో చెప్పి వెళ్లినట్టుంది మొహం. కళ్లు నల్లగా, పెదవులు ఉన్నచోట ఉన్నట్టుగా. నేలిదా ఆవిడని చూసి సిగ్గుపడి పక్కకి చూసింది, మళ్లీ చూసింది. ఆవిడ అక్కడే ఉంది.

"దీనికి సన్నటి తెల్ల బెల్టు పెట్టండి. మరీ బరువుగా ఉండదు," అంది మిలెన్కా.

పాఠకులు ఇక్కడ నన్ను ఆపుతారు. అయ్యా, వంకాయ రంగు అంటే ఊదాయే కదా. అక్టోబరు మన ఊళ్లో ఊదా నెల. శిలువ మీది క్రీస్తు పటం, మన అద్భుతాల స్వామి, ఊరేగే నెల. జబ్బు నయం కావాలనో, కొడుక్కి ఉద్యోగం రావాలనో స్వామికి మొక్కుకున్న ప్రతి ఆడదీ ఆ నెలంతా ఊదా గౌను వేసుకుని నడుముకి తెల్ల తాడు కట్టుకుంటుంది. ఇది లీమాలో పుట్టిన అరవై నాలుగేళ్ల ఆవిడకి తెలియదా?

తెలుసు. ఎందుకు తెలియదు? కాని మనసు ఒకే గది కాదు, చాలా గదుల ఇల్లు, అన్ని గదులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ముందుగదిలో కూర్చున్న నేలిదాకి అది వంకాయ, ఫ్యాషన్, పొట్టి చేతులు, వంపుగా కోసిన మెడ. వెనకగదిలో ఇంకో నేలిదా ఉంది. ఆవిడ లెక్క ఇలా ఉంది: ఈ ఊళ్లో నా వయసు మనిషి కొట్టొచ్చినట్టు కనబడే రంగు వేసుకుని, ఎవరూ నవ్వకుండా నడవగలిగిన నెల ఏడాదిలో ఒక్కటే. ముందుగదికి ఆ లెక్క వినబడలేదు. ఆ రంగు గౌనూ, తెల్ల బెల్టూ కొనేసింది.

అక్టోబరు మొదటి తారీకున రొట్టె కోసం బయల్దేరింది. గేటు దగ్గర మూడో నంబరు ఇంటి పెత్రోనిలా ఉంది. ముప్పై ఏళ్ల స్నేహం. చీపురు ఆపి, గౌను చూసి, బెల్టు చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమే నేలిదా, ఎప్పుడు మొక్కుకున్నావే? నాకు చెప్పనేలేదు."

నేలిదా నోరు తెరిచింది. మొక్కు కాదే, ఇది ఈ వసంతపు రంగు, నాకు నప్పుతుందట, అనాలి. ఎనిమిదే మాటలు. పెత్రోనిలా కళ్లలో ఆ మాటలు పడగానే ఏం జరుగుతుందో ముందే కనబడింది. ముందు అర్థం కాదు. తరువాత పెదవి చివర చిన్న వంపు వస్తుంది. నప్పుతుందట, అని ఆ వంపు పది ఇళ్లూ తిరుగుతుంది.

"ఈమధ్యే," అంది నేలిదా.

"ఒంట్లోనా, ఇంట్లోనా?"

"అలాంటిదే."

"సరే, అర్థమైంది. ఇంకేం అడగను," అని పెత్రోనిలా అడగడం మొదలుపెట్టింది. "రొమ్ములోనా? కడుపులోనా? డాక్టరు ఏమన్నాడు? మీవాడికి తెలుసా? మా వదినకి కూడా ఇలాగే మొదలైంది, పాపం, కాని నువ్వు అదేం మనసులో పెట్టుకోకు."

ఇక్కణ్ణుంచి ఋతువు రంగు చేసిన మేళ్లు వరసగా చెప్తాను, వినండి.

బస్సులో ఇరవై ఏళ్లుగా ఎవరూ లేవని సీట్లలోంచి మనుషులు లేచారు. రొట్టెల కొట్టతను తేనె పాకం, రంగురంగుల గుళికలు పోసిన తుర్రోన్ మిఠాయి ముక్క కాగితంలో చుట్టి, "తీసుకోండమ్మా, మా ఆవిడ కిడ్నీలో రాయి గురించి కూడా ఒక మాట చెప్పండి," అన్నాడు. మాంసం కొట్టతను ఎముక తీసేసి ఇచ్చాడు, అల్లుడి డ్రైవింగ్ లైసెన్సు సంగతి స్వామి చెవిన వెయ్యమన్నాడు. పదిహేనో తారీకుకల్లా ఆమె చేతిసంచిలో పదిహేడు చీటీలు చేరాయి. ఒకటి ఫుట్‌బాల్ జట్టు గురించి.

ఏ ఫ్యాషన్ పత్రికైనా ఇంత గౌరవం ఇప్పించగలదా?

ఇన్ని చీటీలు పెట్టుకుని వెళ్లకపోతే మోసం అవుతుంది. అందుకని ఊరేగింపుకి వెళ్లింది. వీధి నిండా సాంబ్రాణి పొగ, బాజాలు, ఎటు చూసినా ఊదా. వేల గౌన్లు, వేల తెల్ల తాళ్లు. ఈ వసంతానికి ధైర్యం ఉన్నవాళ్ల రంగు వేసుకున్న నేలిదా ఆ గుంపులో ఉప్పునీళ్లలో వేసిన ఉప్పులా కలిసిపోయింది. స్వామి పల్లకి ఎదురుగా రాగానే కళ్లు మూసుకుని పదిహేడు చీటీలూ ఒక్కొక్కటే చెప్పింది. ఉద్యోగంలో ఉన్నప్పటిలాగే, వరస తప్పకుండా. తన వంతు వచ్చేసరికి, "నాకంటూ ఏమీ గుర్తు రావట్లేదు," అని ఆయనకే చెప్పింది. అది అబద్ధమని పల్లకి వెళ్లిపోయాక తెలిసింది.

ఇరవయ్యో తారీకున యానిరా వచ్చింది. చేతిలో పాత స్కానింగుల ఫైలు. పెత్రోనిలా ఫోన్ చేసిందట. కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

"ఎక్కడ అత్తయ్యా?"

"ఏది ఎక్కడ?"

"గడ్డ."

"గడ్డా లేదు, గిడ్డా లేదు. కూర్చో, కాఫీ పెడతాను."

"మరి మొక్కెందుకు?" యానిరా ఫైలు బల్ల మీద పెట్టింది. "మీరు మాకు భారం అవుతాననుకుంటున్నారు కదూ? అందుకే చెప్పట్లేదు. నేను మంచి కోడలిని కాకపోవచ్చు, కాని ఇంత పరాయిదాన్నా?"

నేలిదాకి జాలేసింది. నువ్విచ్చిన కార్డే తల్లీ ఇది, అని చెప్పేస్తే పోయేది. కాని చెప్తే దాని వెనకే ఎందుకు ఒక్కరే వెళ్లారు అంటుంది, ఎందుకు దాచారు అంటుంది, ఆ ప్రశ్నల చివర హాలు దాటుకుని వచ్చిన ఒక చెయ్యి ఉంది. చక్కెర డబ్బా కింద ఆరు రంగుల పట్టిక అంచు కనబడుతోంటే డబ్బాని కాస్త ముందుకి జరిపింది.

"పద, ఏ పరీక్షలు కావాలంటే అవి చేయించు," అంది.

ఇది గమనించండి. ఆ మనిషి కోడలితో వెళ్లి, చెయ్యి చాచి, మూడు గొట్టాల రక్తం ఇచ్చింది. నాకు అందంగా కనబడాలని ఉంది అనే ఒక్క మాట ఇవ్వడం కన్నా ఆమెకి అదే తేలికైంది.

పరీక్షల్లో కొలెస్టరాల్ కొంచెం ఎక్కువని వచ్చింది. యానిరా ఒక పూట ఊపిరి పీల్చుకుని రెండో పూట మళ్లీ దిగులు పడింది. పరీక్షలకే అందని జబ్బు అన్నమాట.

ముప్పై ఒకటి దగ్గరపడింది. నేలిదా మంచం మీద గౌను పరిచి దాని పక్కన కూర్చుంది. ఇంకేదైనా వేసుకుని వెళ్లొచ్చు. అలసిన గులాబి జాకెట్టు ఒకటి ఉంది. కాని మొక్కు గౌను నెల పూర్తికాకుండా విప్పిందంటే పెత్రోనిలా ఆ రాత్రే స్వామికి ఆమె తరఫున క్షమాపణలు మొదలుపెడుతుంది. అది ఒక కారణం. రెండోది అసలు కారణం. అద్దంలో కనబడ్డ ఆవిడని ఇంట్లో వదిలేసి ఒక్కతే వెళ్లడం ఆమెకి ఇష్టం లేకపోయింది. పది నెలలు నూనె రాసిన మోకాళ్లు కూడా ఆవిడవే.

హోటల్లో ఆమెని చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. సంగతి ఆమె కన్నా ముందే వచ్చి కూర్చుంది. గాలి తగలని చోట, గోడవారగా కుర్చీ వేశారు. అందరికీ పిస్కో ద్రాక్షసారా పోసి ఆమెకి నల్ల మొక్కజొన్న పానీయం పోశారు. ఒకప్పటి క్యాషియరు, లావాటి ఆవిడ, నేలిదా పళ్లెంలో కారం ఉన్నవన్నీ తీసేసి ఉడికించిన బంగాళాదుంప పెట్టి, "మీరేం కష్టపడకండి, పాటలు వినండి," అంది. గిటార్లు మొదలయ్యాయి. ఒక్కొక్క జంటా లేచింది. నేలిదా బంగాళాదుంపని ముందు సగం చేసింది, తరువాత పావు చేసింది.

దోన్ ఎవారిస్తో హాలుకి ఆ చివర ఉన్నాడు. మూడుసార్లు ఇటు చూశాడు. మూడుసార్లూ గౌను మీద చూపు ఆగి నేల మీదికి దిగిపోయింది. ఆఖరికి గ్లాసు పట్టుకుని వచ్చాడు. చెయ్యి చాచలేదు. పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"సెన్యోరా నేలిదా."

"దోన్ ఎవారిస్తో."

"ఆరోగ్యం..."

"కొలెస్టరాల్ కొంచెం."

"నాక్కూడా," అన్నాడాయన, చుట్టరికం కలిసినట్టు. కాసేపు ఇద్దరూ ఆడేవాళ్లని చూశారు. "ఈ ఏడు అడగాలనే వచ్చాను. కాని మొక్కులో ఉన్నారు కదా. స్వామికి కోపం రాకూడదు. పోనీలెండి, వచ్చే ఏడు."

ముప్పై ఒక్క ఏళ్లు కిటికీ వెనక మర్యాదగా కూర్చున్నదేదో నేలిదాలో లేచి నిలబడింది. వచ్చే ఏడు. జననాల కిటికీలో కూర్చున్నవాళ్లు ఆ మాట అంటే అర్థముంది. మరణాల కిటికీలో ఇరవై రెండేళ్లు కూర్చున్న మనిషి, డెబ్భై ఏళ్ల మనిషి, ఆ మాటని బల్ల మీద ఉప్పుసీసా జరిపినంత తేలిగ్గా ఎలా జరపగలడు?

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏం మొక్కుకున్నారో అడగొచ్చా? తప్పైతే చెప్పకండి."

"ఎవరైనా నన్ను డాన్సుకి పిలవాలని."

ఆయన పెద్ద చెవులు అంచులనుంచి ఎర్రబడటం మొదలుపెట్టాయి. అది పూర్తి కావడానికి కొంత సమయం పట్టింది.

"మరి... విన్నాడా ఆయన?"

"ఆయన వంతు ఆయన చేశాడు. ఇక మిగిలింది మీరు. ముందు ఆ గ్లాసు కింద పెట్టండి."

గ్లాసు కింద పెట్టాడు. వాళ్లు లేచారు. క్యాషియరావిడ చేతిలో ఫోర్కు గాల్లో ఆగిపోయింది, ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. దోన్ ఎవారిస్తో వాల్స్ బాగా ఆడతాడని నేను చెప్పను. కుడికాలు పాటలో ఉంది, ఎడమకాలు ఇంకా రిజిస్ట్రీలోనే ఉంది. రెండుసార్లు ఆమె కాలు తొక్కాడు. మూడోసారి ఆమే తొక్కింది. పాట అయిపోయింది. ఆయన చెయ్యి వదల్లేదు. ఇంకో పాట మొదలైంది.

ఇంత మేలు చేసిన రంగుని మెచ్చుకోకుండా ఉండగలరా? నేనైతే ఇక్కడితో ఆపేసి నా వాదన గెలిచిందని ఇంటికి వెళ్లిపోదును. నవంబరు ఒకటి రాకపోతే.

నవంబరు ఒకటిన ఊరంతా ఊదా విప్పేసింది. మొక్కులు తీరినవాళ్లూ, తీరనివాళ్లూ గౌన్లు ఉతికి మడిచి పెట్టేశారు. అయిదో తారీకు పొద్దున్న నేలిదా అల్మారా తీసింది. నీకేం ఇష్టం, అని అడగలేదు. తిన్నగా చెయ్యి పెట్టి వంకాయ గౌను తీసుకుని, తెల్ల బెల్టు పెట్టుకుని, రొట్టె కోసం బయల్దేరింది. ఇప్పుడు ఆ రంగు వెనక స్వామి లేడు, జబ్బు లేదు, నెల లేదు. ఆమె ఒక్కతే ఉంది.

పెత్రోనిలా చీపురు ఆపింది.

"నెల అయిపోయింది కదే. ఇంకా ఎందుకు?"

"బాగుందని."

"ఎవరన్నారు?"

"నేనే."

పెత్రోనిలా చాలాసేపు చూసింది. నవ్వలేదు. నేలిదా నెలంతా భయపడిన ఆ పెదవి వంపు రానేలేదు. ఆ మాట అంతదూరం వెళ్లలేదు, అంతే. పెత్రోనిలా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తను ఎరిగిన ఏ అరలోనూ పట్టక, పక్కన పెట్టేసింది.

నా ఫిర్యాదు ఇదీ, ఇంతసేపూ దీన్ని పొగడ్తలో చుట్టి మీ ముందు పెట్టాను. రంగులు నిర్ణయించే ఆ సన్నటి మనుషుల మీద నాకేం కోపం లేదు. ఆరు రంగులే ఇచ్చారని కూడా కాదు. ఈ ఊరు నేలిదాకి కాన్సర్ వచ్చిందని అర నిమిషంలో నమ్మింది. కన్నీళ్లు పెట్టుకుంది, సీటు ఇచ్చింది, ఎముక తీసేసిన మాంసం ఇచ్చింది. ఆమెకి బాగా కనబడాలని ఉందేమో అని మాత్రం నెల పొడుగునా ఒక్కరికీ తట్టలేదు. నవ్వినా ఫరవాలేదు, పోట్లాడవచ్చు. జాలితో ఎలా పోట్లాడతారు? అది తలుపు తట్టి, గిన్నె పట్టుకుని లోపలికి వస్తుంది.

నిజంగానే వచ్చింది. సాయంత్రం పెత్రోనిలా రెండు చేతులతో పెద్ద గిన్నె పట్టుకుని ఏడో నంబరు ఇంటికి వచ్చింది. కోడి సూపు.

"మాట్లాడకు, అలిసిపోతావు," అంది. "వేడిగా ఉన్నప్పుడే తాగు. యానిరాకి ఫోన్ చేశాను, రేపు తలకి స్కానింగ్ చేయిస్తుందట."

తలుపు వేశాక నేలిదా మూత తీసి చూసింది. రెండు కోడికాళ్లు, రెండు గుడ్లు, మందమైన సేమ్యా. ఒక్క మనిషి తాగగలిగేది కాదు. బెల్టు సర్దుకుని ఫోన్ అందుకుంది.

"దోన్ ఎవారిస్తో, నాకు బాగా జబ్బు చేసిందట. సూపు ఇద్దరికి సరిపడా వచ్చింది. త్వరగా రండి, చల్లారిపోతుంది."